బుక్కులో ఏటుంది

బాగ్‌బేరా రైల్వే కాలనీ,
టాటానగర్,
9-8-1981, ఆదివారం.

సూరమ్మక్కకి వరహాలమ్మ రెండు చేతులూ జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మా ఆయనా, పిల్లలూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, నీ తమ్ముడు ముసలయ్యా, ఇంటిల్లిపాదీ, కొట్టంలో ఉన్న మూగజీవాలతో సహా చల్లగా ఉండాలని ఆ పైడితల్లి అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

నీ మేనకోడలు జానకి చేత నువ్వు రాయించిన ఉత్తరం మొన్న గురువారం మధ్యాహ్నం అందింది. పిల్ల చేతిరాత ముత్యాల్లా ఉంది. ఎనిమిదో క్లాసుతో మాన్పించేశారని రాసింది, అది నాకు బాధగా అనిపించింది. జవాబు మూడు రోజులు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. బుక్కు మొదటి పేజీ నుంచి చివరి దాకా చూడకుండా నీకు రాయకూడదనుకున్నాను. నా పద్ధతి నీకు తెలుసు కదా.

ఇక్కడి సంగతులు. ఈసారి వానలు బాగా పట్టుకున్నాయి, ఖర్కాయి ఏరు ఒడ్డుల దాకా పారుతోంది. మా ఆయన గోవిందరావు గారికి లోకో షెడ్డులో ప్రమోషన్ వచ్చింది. యార్డు గోడ పక్కన నువ్వున్న రేకుల పంచ తీసేసి అక్కడ ఇంకో నీళ్ల పంపు వేశారు. మా అమ్మాయి పైడితల్లి మెట్రిక్ పాసయింది. దాన్ని తెలుగులో పిలిస్తే హిందీలో పలుకుతుంది. నువ్వు వెళ్లిపోయాక చాలా రోజులు దవాయివాలీ నానీ కహాఁ గయీ, మందుల అమ్మమ్మ ఎక్కడికెళ్లింది, అని అడిగేది. నేను కోప్పడ్డాక మానేసింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

ముసలయ్య గేదె ఈనిందనీ, దూడకి నెల దాటిందనీ, దాని పొట్ట కుండలా ఉబ్బి వెన్నుపూసలు లెక్కపెట్టడానికి వీలుగా తేలాయనీ, బురద రంగులో కంపు కొట్టే పేడ వేస్తోందనీ రాయించావు. దూడ కుడిస్తే తప్ప ఆ గేదె పాలు చేపదనీ, నిరుడు దూడ పోయాక అది అలాగే ఒట్టిపోయిందనీ, ఏడాదంతా ఇంట్లో గంజితో గడిచిందనీ రాయించావు. ఏలికపాములని నీకు చూడగానే తెలిసిందన్నావు. మోదుగ గింజలు నీ సంచిలోనే ఉన్నాయన్నావు. చెయ్యి రావడం లేదన్నావు. జానకి నీ మాటల్ని నీ నోట వచ్చినట్టే రాసింది, చదువుతుంటే నువ్వు మా వీధి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంది. ఆయేల ఏటయిందో నాకు గురుతు నేదు బుక్కమ్మా, ఎంత తలుసుకున్నా గురుతు రాదు, బుక్కు తీసి సూడు, మొదలుకాణ్ణించి సెప్పు, నా సేత్తో ఇంకెన్ని జీవాల్ని సంపేనో సెప్పు, ఇంకొకటి గాని ఉందంటే ఈ దూడ జోలికెల్లను, అన్నావు.

మొదటి నుంచీ చెప్పమన్నావు కాబట్టి మొదటి నుంచే చెబుతున్నాను. జానకికి కూడా తెలిసినట్టు ఉంటుంది.

బుక్కు మొదలైంది 1974 ఆగస్టు 20న. మా ఆవు గౌరి ఈనిన ఇరవై రెండో రోజు. దూడ లేవలేకపోతోంది. ఎవరో నీ పేరు చెప్పారు. గ్యాంగ్‌మన్‌గా పనిచేసి పోయిన పైడయ్య పెళ్లాం, నాలుగు మేకలతో యార్డు గోడ పక్కన ఉంటుంది, పురుగులకి మందిస్తుంది అన్నారు. నువ్వు వచ్చి ముందు దూడ కనురెప్ప కిందకి లాగి చూశావు. పేడ వేలితో తీసి వాసన చూశావు. తరవాత నీ అలవాటు ప్రకారం మా గౌరి కుడి డొక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నావు. అప్పుడు మోదుగాకు ఒకటి తెప్పించి, దూడ చెవి పక్కన పెట్టి, సరిగ్గా ఆ చెవంత అయ్యేలా మడిచి పుల్ల గుచ్చావు. ఆ దొన్నెలో మోదుగ గింజల పొడి నింపి, బెల్లంతో ముద్ద చేసి, పాలు కుడవక ముందే దూడ నోట్లో పెట్టావు. మూడు పొద్దుటలు. నాలుగో పొద్దున వెదురు గొట్టంతో ఆముదం.

ఆ మధ్యాహ్నం దూడ వేసిన పేడలో చూశాను. మంచం నులక చిక్కుముడి పడ్డట్టు తెల్లటి పురుగులు. పుల్లతో ఒక్కొక్కటీ పక్కకి లాగి లెక్కపెట్టాను. అరవై మూడు. నువ్వు పగలబడి నవ్వావు. పురుగులకి లెక్కెట్టిన యిల్లాల్ని ఇన్నాల్టికి సూసేను, పేర్లు కూడా ఎట్టీసెయ్, బారసాల సేద్దాం, అన్నావు. ఆ రోజు నుంచే నన్ను బుక్కమ్మా అనడం మొదలుపెట్టావు. మా ఆయన షెడ్డు నుంచి పాత రిజిస్టరు తెచ్చి ఇస్తే గడులు గీసుకున్నాను. తేదీ. ఎవరిది. ఏ జీవం. ఏ మందు. ఎంత. ఏమి పడింది. బతికిందా లేదా.

ఎంత అన్న గడి దగ్గరే మనకి రోజూ తగువు. ఎంత ఇవ్వాలి అంటే సెవంత అనేదానివి. ఎవరి చెవంత అని అడిగితే దాని సెవంతే, నీ సెవంతా నా సెవంతా, అనేదానివి. చిన్న దూడకి చిన్న చెవి, పెద్ద దూడకి పెద్ద చెవి, కొలత దాని ఒంటి మీదే దేవుడు పెట్టాడు, నీ సెంచాలు నాకెందుకు అనేదానివి. నేను ఊరుకోలేదు. ఒక్కొక్క చెవి దొన్నెకి ఎన్ని చెంచాల పొడి పడుతుందో కొలిచి రాశాను. అలా రాసుకున్నందుకే ఈరోజు అన్నీ చెప్పగలుగుతున్నాను.

బుక్కు తిప్పుతుంటే ఎన్ని గుర్తొచ్చాయో. స్టేషను దగ్గర బంగాళీ బాబుగారి కుక్కకి పోకచెక్క పొడి ఇచ్చిన రోజు రాసి ఉంది. ముప్పావు గంటకి బద్దెపురుగు పడింది, రిబ్బను ముక్కలా. నేను టేపు తెచ్చి పెట్టి కొలిచాను. నువ్వు నవ్వాగక కూలబడ్డావు. దానికి జాకెట్టు కుట్టిత్తావేటే, అన్నావు. బారిడీహ్ నుంచి ఒకాయన రెండు మేకల్ని రిక్షాలో ఎక్కించుకుని వస్తే వాటికి దానిమ్మ వేరు బెరడు కషాయం కాచింది మా పొయ్యి మీదే. కోళ్లకి వేపాకు, వాము. పంది పిల్లలకి కూడా ఇచ్చావు, నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని రాశాను. నాలుగేళ్లలో మొత్తం నూట పదమూడు జీవాలు. నువ్వు మందు ఇవ్వను అని తిప్పి పంపినవి నేను రాయలేదు. ఇచ్చినవే రాశాను.

కాలనీలో అప్పటికి నీ చెయ్యి, నా బుక్కు రెండూ ఒకటే అన్నట్టు ఉండేది. ఏదైనా అనుమానం వస్తే బుక్కమ్మని అడుగు అనేదానివి. కిందటి నెల ఏ మేకకి ఇచ్చానో నాకు గురుతుండదు గాని, బుక్కు మరిసిపోదు అని అందరితో చెప్పేదానివి.

ఇక 1978. నువ్వు అడిగిన ముఖ్యమైన సంగతి.

డ్రైవరు నీలకంఠం గారి ఆవు ఎర్రది, మన కాలనీలో అంత పాలిచ్చే ఆవు ఇంకోటి లేదు. ఆయనకి ఆకులూ అలములూ అంటే ఒళ్లు మంట. ఇంగ్లీషు మందే మందు అనేవాడు. ఆయన భార్య అమ్మణ్ణికి నీ మీద నమ్మకం. జూన్ నెలలో ఆవు మేత తగ్గించింది, పేడలో పురుగులు కనిపించాయి. బుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 17-6-78 శనివారం. నీలకంఠం గారి ఎర్ర ఆవు. మోదుగ గింజల పొడి, చెవి దొన్నెతో ఒకటి, బెల్లంతో. ఇచ్చినది సూరమ్మ, సాయంత్రం.

సోమవారం పొద్దున ఆవు ఈచుకుపోయింది, కడుపు పడిపోయింది. చూడి అని నీలకంఠం గారికి తప్ప ఎవరికీ తెలియదు. ఐదో నెల. మాయ పడలేదు. జ్వరం వచ్చింది. బుధవారం చచ్చిపోయింది. చూడి ఆవుకి మోదుగ గింజ పెట్టకూడదని నాకు చెప్పిందే నువ్వు. కడుపు నిలవదు అని ఎన్నోసార్లు అన్నావు.

25వ తేదీ ఆదివారం, మగవాళ్లందరూ ఇళ్లలో ఉన్న రోజు, పంపు దగ్గర ఖాళీ జాగాలో పెద్దలు కూర్చున్నారు. నీలకంఠం గారు నీ జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. ఇసీ బుఢియా నే మారా, ఈ ముసల్దే చంపింది, అని అరుస్తున్నాడు. అమ్మణ్ణిని అడిగారు. సూరమ్మే ఇచ్చింది అని తల వంచుకుని చెప్పింది. నిన్ను అడిగారు. నాను శనారం ఊళ్లో లేనమ్మా, గింజలకని బాదాంపహాడ్ పాసింజర్లో హలుద్‌పుకుర్ ఎల్లేను, అన్నావు. ఎప్పుడు వచ్చావు అంటే తడబడ్డావు. అదే రోజా, మర్నాడా, అన్నావు. అప్పుడు ఎవరో బుక్కు తెమ్మన్నారు.

నేను తెచ్చి చదివాను. ఆ పేజీ అంతా చదివాను, ఒక్క అక్షరం వదలకుండా.

నువ్వు నా వంక చూశావు. ఆ చూపులో కోపం లేదు, ఆ మాట నేను ఇప్పుడైనా చెప్పాలి. బుక్కులో అలాగుందా బుక్కమ్మా, అని అడిగావు. ఉంది అన్నాను. ఓపాలి మళ్లీ సదువమ్మా, అన్నావు. మళ్లీ చదివాను. అప్పుడు నువ్వు మెల్లగా కింద కూర్చున్నావు. అలాగైతే నానే ఇచ్చుంటాను బాబూ, అన్నావు అందరి వంకా చూసి. నా మతి పోయినట్టుంది. సెయ్యి డొక్క మీద ఎట్టకుండా ఎలాగిచ్చేనో. బుక్కు అబద్దం ఆడదు గదా, అన్నావు.

తరవాత జరిగింది నీకు గుర్తుందో లేదో. అడిగావు కాబట్టి రాస్తున్నాను. నీ గింజల గోనె తెచ్చి ఇంజన్ల బూడిద గుంటలో పోశారు. కొంత పొడి మిగిల్చి, మా ఆవు చెవంత దొన్నె చెయ్యండి, దీని మందు దీనికే పెడదాం, అన్నాడు నీలకంఠం గారు. ఎవరో ఆకు తెచ్చారు. దొన్నె నిండా పొడి నీళ్లలో కలిపి నీ నోట్లో పోశారు. సగం మీద పడింది. నువ్వు విదిలించుకోలేదు. పిల్లలు చుట్టూ మూగి, ఎన్ని పురుగులు పడతాయో బుక్కమ్మ గారు లెక్కపెడతారు, అని అరిచారు. జనం నవ్వారు. ఆ పిల్లల్లో మా పైడితల్లి లేదు, ఇంట్లో పెట్టి గడియ వేశాను. సాయంత్రం దాకా నువ్వు యార్డు గోడ దగ్గర వాంతులు చేసుకుంటూ పడి ఉన్నావు. నీ మేకల్లో రెండింటిని నీలకంఠం గారు తోలుకుపోయాడు. మర్నాడు మిగతా రెండూ ఎవరికో ఇచ్చేసి, మూట కట్టుకుని పూరీ పాసింజరు ఎక్కావు. ఎక్కే ముందు మా గుమ్మం దాకా వచ్చి, ఆ పేజీ కొట్టీకు బుక్కమ్మా, ఉన్నది ఉన్నట్టు ఉండనీ, అన్నావు. కొట్టెయ్యలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

రెండో సంగతి. ఇంకెన్ని జీవాలు పోయాయని అడిగావు. నేను నిన్నంతా లెక్క చూశాను. మిగతా నూట పన్నెండులో ఆఖరి గడిలో పోయింది అని రాసి ఉన్నవి ఏడు. అవి ఏలికపాములకి పోయాయో, మందుకి పోయాయో నేను డాక్టరుని కాదు, చెప్పలేను. ఏడు అన్నది మాత్రం నిజం. నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు.

ఇక దూడ. అక్కా, నేను నిన్ను ఎప్పుడో క్షమించాను. కాలనీలో కూడా ఇప్పుడు ఎవరికీ నీ మీద పగ లేదు. నీలకంఠం గారు వేరే ఆవుని కొన్నాడు. వయసు మీద పడ్డాక మతి ఒకలా ఉండదు, అది నీ తప్పు కాదు. కాని ఒకసారి అలా జరిగాక, ఏది ఇచ్చావో ఏది ఇవ్వలేదో నీకే తెలియని స్థితిలో, ముసలయ్య ఇంటికి ఉన్న ఒక్క ఆధారం మీద చెయ్యి వెయ్యడం మంచిది కాదని నా అభిప్రాయం. పాలకొండ నుంచి పశువుల డాక్టరుని పిలిపించండి. నిరుడు దూడ పోయిన రెండో రోజున వచ్చాడని రాయించావు, ఈసారి ముందే కబురు పంపండి. నీ సంచి మాత్రం ఎవరికైనా ఇచ్చెయ్. కళ్ల ముందు ఉంటే చెయ్యి ఊరుకోదు.

ఇక్కడ జనం ఇంకా పురుగులకి మందు అడుగుతూనే ఉంటారు. ఏం చెయ్యను, నువ్వు నేర్పినది నాకు తోచినట్టు ఇస్తున్నాను. బుక్కు చూసి ఇస్తాను కాబట్టి అందరికీ ధైర్యం. సాక్చి బజారులో గింజలు అమ్మే ముసలాయన కూడా నన్ను డాక్టరమ్మా అంటాడు. నీ పేరు ఎవరూ ఎత్తరు, ఆ విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు.

ఒంటి మీద శ్రద్ధ పెట్టు. ముసలయ్యకీ, ఇంట్లో అందరికీ నా నమస్కారాలు చెప్పు. జానకికి దీవెనలు. మళ్లీ ఏ అనుమానం వచ్చినా రాయించు, బుక్కు చూసి చెబుతాను.

నీ మేలు కోరే చెల్లెలు,
వరహాలమ్మ.

తా.క. జానకీ, ఇక్కడితో పైకి చదవడం ఆపు. ఈ కాగితం విడిగా మడిచి పెట్టాను, ఇది నీకు ఒక్కదానికే. అత్త అడిగితే సంతకం అయిపోయిందని చెప్పు. గొడ్ల దగ్గరికి వెళ్లి చదువుకో.

ఆ శనివారం మీ అత్త హలుద్‌పుకుర్‌లోనే ఉంది. పొద్దున బండికి వెళ్లి, ఆ రాత్రి అక్కడే ఒక సంతాల్ ముసలమ్మ ఇంట్లో ఉండి, ఆదివారం సాయంత్రం గోనెతో దిగింది. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఆ రెండు రోజులూ తన మేకల్ని నా దగ్గరే కట్టి వెళ్లింది. వాటికి నేనే మేత వేశాను.

అమ్మణ్ణి వచ్చింది శనివారం పొద్దున. సూరమ్మ ఎప్పుడొస్తుంది, మా ఆయన డ్యూటీ దిగే లోపల మందు పడిపోవాలి అంది. నా దగ్గర పొడి ఉంది, బుక్కు ఉంది. నూట పన్నెండు పేజీల అనుభవం ఉంది. ఎంత అన్న గడి చూసుకున్నాను, ఆవు చెవికి సరిపడా కొలిచాను, నా చేత్తోనే పెట్టాను. చూడిదా అని అడగలేదు. అడగాలని తోచలేదు. నా బుక్కులో ఆ గడి లేదు. మీ అత్త డొక్క మీద చెయ్యి పెట్టినప్పుడల్లా నేను పెన్సిలు చెక్కుకుంటూ ఉండేదాన్ని, అది ఏదో దణ్ణం పెట్టుకోవడం అనుకున్నాను. చూడి అని తేలిన వాటికి ఆవిడ మందు ఇచ్చేది కాదు, ఇవ్వనివి నేను రాసేదాన్ని కాదు. అందుకని ఎన్ని ఆవుల్ని తిప్పి పంపిందో నాకు లెక్క లేదు.

ఆవు చచ్చిన రోజు అమ్మణ్ణి నా కాళ్లు పట్టుకుంది. తెలిస్తే మా ఆయన నన్ను చంపేస్తాడు అంది. అప్పటి దాకా బుక్కులో ఆ పేజీ ఖాళీగానే ఉంది. 25వ తేదీ ఆదివారం పొద్దున, జనం పోగవక ముందు, నేను దాన్ని నింపాను. అమ్మణ్ణికి తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం నెలకోసారి సాక్చి బజారుకి ఒకే రిక్షాలో వెళ్తాం. ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

పోయిన ఏడు జీవాలని పైన రాశాను. రెండు మేకలు బండి కింద పడ్డాయి. మూడు కోళ్లని కుక్కలు ఎత్తుకెళ్లాయి. ఒక పందిని వాళ్లే కోసుకు తిన్నారు. బంగాళీ బాబుగారి కుక్క ముసలిదై పోయింది. మీ అత్త చేతి మందుతో ఒక్కటి కూడా పోలేదు.

ఇప్పుడు దూడ సంగతి. ఇంకో జీవం పోయిందని నా లెక్కలో రాసుకోలేను, అందుకే ఇది రాస్తున్నాను. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఎర్ర తొక్క ఒలిచి, నీడన ఆరబెట్టి దంచు. దూడ చెవి పక్కన మోదుగాకు పెట్టి అంతే ఉండేలా మడిచి పుల్ల గుచ్చు. దూడ బాగా చిక్కిపోయి ఉంది కాబట్టి దొన్నెలో సగమే పొయ్యి. బెల్లంతో ముద్ద చేసి, పాలు కుడవక ముందు పెట్టు. మూడు పొద్దుటలు. నాలుగో పొద్దున ఆముదం, నీ అరచేతిలో పట్టేంత, మెల్లగా పొయ్యి, ఊపిరిలోకి పోనివ్వకు. అత్త చూడకుండా చెయ్యి. పురుగులు పడితే గుంట తీసి పాతెయ్యి. దూడ బతికితే దానంతట అదే లేచిందని చెప్పు.

ఇదంతా అందరి ముందూ ఎందుకు చెప్పవు అని నువ్వు అడగొచ్చు. ఒక్క పేజీ అబద్ధమంటే మిగతా నూట పన్నెండు పేజీలు ఎవరు నమ్ముతారు? ఈ కాలనీలో పిల్లలకి పాలిచ్చే ప్రతి ఆవూ ఇప్పుడు ఆ బుక్కు మీదే ఆధారపడి ఉంది.

నీకు మనసు ఆగక ఈ కాగితం అత్తకి చదివి వినిపిస్తావేమో. వినిపించు. నేను వద్దంటే మాత్రం నువ్వు ఆగుతావా? కాని ఆవిడ నమ్మదు. పిల్లా, నన్ను ఓదార్సడానికి సొంతంగా కల్పిత్తన్నావు, అంటుంది. బుక్కమ్మకి రాయి, బుక్కులో ఏటుందో అడుగు, అంటుంది.

నువ్వు రాస్తావు. నేను బుక్కు తీసి, ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాసి పంపుతాను.

వ.